వెనక్కి తగ్గడం: ‘బ్యాక్ అవుట్’ అర్థం, వాడుక, బాలాపూర్ వేలంపాట

‘బ్యాక్ అవుట్’ ఇంగ్లీషులో తరచుగా వినిపించే ఫ్రేజల్ వెర్బ్. చేస్తానని ఒప్పుకున్న పని నుంచి, కుదిరిన బేరం నుంచి, ఇచ్చిన మాట నుంచి తనంతట తాను తప్పుకోవడం దీని అర్థం. ‘బ్యాక్ ఆఫ్’, ‘బ్యాక్ డౌన్’, ‘డ్రాప్ అవుట్’, ‘పుల్ అవుట్’, ‘ఫాల్ బ్యాక్’ కూడా ఈ కోవలోవే. తెలుగులో అన్నిటికీ ‘వెనక్కి తగ్గడం’ అంటే సరిపోతుందనిపిస్తుంది. దేని నుంచి తగ్గారు, ఏ ఘడియలో తగ్గారు అని అడిగితే మాత్రం ఒక్కోదాని దారి ఒక్కోటి. వేలంపాట నడుస్తుండగా తప్పుకున్నవారిది హక్కు. పాట తమ పేరున ఖాయమయ్యాక తప్పుకున్నవారిది మాట తప్పడం. ఈ తేడా అందరి కళ్లెదుట తేలే చోటు వేలంపాట. తెలుగు నేల మీద అలాంటి పాటల్లో పేరు మోసింది, హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లకు చేరువలోని బాలాపూర్‌లో ఏటా వినాయక నిమజ్జనం రోజున జరిగే లడ్డూ వేలం.

నిర్మాణం

ఒక మామూలు క్రియకు ‘అవుట్’, ‘ఆఫ్’, ‘డౌన్’, ‘అప్’ వంటి చిన్న మాట తోడై, రెండూ కలిసి కొత్త అర్థాన్ని ఇస్తే దాన్ని ఫ్రేజల్ వెర్బ్ అంటారు. ఈ పేరును లోగన్ పియర్సల్ స్మిత్ 1925లో అచ్చైన ‘వర్డ్స్ అండ్ ఈడియమ్స్’ అనే పుస్తకంలో ప్రచారంలోకి తెచ్చారు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ తనకు ఈ పేరు సూచించారని ఆయనే చెప్పారు.

‘బ్యాక్’ అంటే నామవాచకంగా వీపు, క్రియగా వెనక్కి నడవడం లేదా నడపడం. పక్కన చేరే చిన్న మాటను బట్టి అర్థం ఎటైనా తిరుగుతుంది. ‘బ్యాక్ అప్’ అంటే బండిని వెనక్కి తీయడం, ఒకరికి అండగా నిలవడం, కంప్యూటర్‌లోని సమాచారానికి నకలు దాచుకోవడం. ‘బ్యాక్ అవుట్’ అంటే అండగా ఉంటానన్న మనిషి తప్పుకోవడం. మొదటి మాట తెలిస్తే చాలు, మొత్తం అర్థం తెలిసిపోతుందనుకునే విద్యార్థి ఇక్కడే తడబడతాడు.

‘బ్యాక్ అవుట్’ అకర్మక క్రియ. దాని తర్వాత నేరుగా కర్మ రాదు. దేని నుంచి తప్పుకున్నారో చెప్పాలంటే మధ్యలో ‘ఆఫ్’ చేరాలి: ‘హి బ్యాక్డ్ అవుట్ ఆఫ్ ద డీల్’. తెలుగులో ‘నుంచి’ చేసే పనిని ఇక్కడ ఆ ‘ఆఫ్’ చేస్తుంది. ‘బ్యాక్ డౌన్’, ‘బ్యాక్ అవే’ అయితే ‘ఫ్రమ్’ కోరతాయి. ‘గో బ్యాక్’ తర్వాత ‘ఆన్’ వస్తే మాట తప్పడమనే అర్థం వస్తుంది: ‘షి వెంట్ బ్యాక్ ఆన్ హర్ వర్డ్’.

దగ్గరి క్రియలు, వాటి హద్దులు

‘డ్రాప్ అవుట్’ పోటీ లేదా చదువు నడుస్తుండగా మధ్యలో తప్పుకోవడం. మన పత్రికలు బడి మానేసిన పిల్లల గురించి రాసేటప్పుడు ‘డ్రాపవుట్లు’ అనే వాడతాయి. ఇందులో మాట తప్పారన్న నింద ఉండదు.

‘బ్యాక్ అవుట్’ ఒప్పుకున్న తర్వాత తప్పుకోవడం. అవతలివాళ్లు తనను నమ్ముకుని ఉండగా చేసే పని కాబట్టి ఈ మాటలోనే కొంత నిష్ఠూరం ఉంది.

‘బ్యాక్ డౌన్’ వాదన, డిమాండ్, పంతం విడిచిపెట్టడం. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఉంటేనే ఈ మాటకు చోటు. మన వాడుకలో ‘మెట్టు దిగడం’ దీనికి సరిగ్గా సరిపోతుంది. బ్రిటిష్ ఇంగ్లీషులో ‘క్లైంబ్ డౌన్’ కూడా ఇదే.

‘బ్యాక్ ఆఫ్’ ఒకరి మీద పెడుతున్న ఒత్తిడిని సడలించి దూరం జరగడం. ఆజ్ఞగా వాడితే గట్టి హెచ్చరిక అవుతుంది. పెద్దలతోనో పై అధికారులతోనో అనదగిన మాట కాదు.

‘పుల్ అవుట్’ ఉమ్మడిగా మొదలుపెట్టిన పని నుంచి, ఒక ప్రాంతం నుంచి, కూటమి నుంచి బయటికి రావడం. సేనల విషయంలోనూ కంపెనీల విషయంలోనూ వాడతారు. ‘బ్యాక్ అవుట్’ కంటే తటస్థమైన మాట.

‘ఫాల్ బ్యాక్’ యుద్ధభూమిలో వాడే మాట. ముందు వరుస నిలవలేనప్పుడు వెనకటి స్థానానికి చేరి మళ్లీ కుదురుకోవడం. దీనికి ‘ఆన్’ చేరితే అర్థం పూర్తిగా మారి, కష్టకాలంలో దాచుకున్నదాన్ని ఆసరా చేసుకోవడం అవుతుంది.

‘చికెన్ అవుట్’ భయపడి తప్పుకోవడం. మిత్రుల మధ్య మాత్రమే చెల్లే మాట. ‘బౌ అవుట్’ దీనికి పూర్తిగా ఎదురు: మర్యాదగా, తలవంచి సెలవు తీసుకుని తప్పుకోవడం.

‘రిట్రీట్’ ఫ్రేజల్ వెర్బ్ కాదు. అయినా సైనిక పదంగా మన దేశంలో బాగా తెలిసిన మాట. ఏటా జనవరి 29న ఢిల్లీ విజయ్ చౌక్‌లో జరిగే ‘బీటింగ్ రిట్రీట్’, పొద్దు గూకగానే సేనలు పోరు ఆపి శిబిరాలకు మరలే పాత ఆచారానికి గుర్తు. ఇదే మాటకు విడిది అనే అర్థం కూడా ఉంది.

తెలుగు మాటల్లో తేడాలు

తెలుగులోనూ ఈ భావానికి మాటలకు కొదవ లేదు. వెనుకాడడం అంటే అడుగు వేయకముందే సందేహించడం. వెనుకంజ వేయడం, వెనుదీయడం అంటే వేసిన అడుగును వెనక్కి తీయడం. వెనుదిరగడం అంటే దారి మార్చి మరలిపోవడం. మడమ తిప్పడం యుద్ధం నుంచి వచ్చి రాజకీయ సభల దాకా పాకిన మాట. తోక ముడవడం, కాడి పడేయడం, చేతులెత్తేయడం నిందతో కూడినవి. తెలంగాణ పల్లెల్లో ‘ఎన్కకు తగ్గుడు’ అనేది పంతానికీ పాటకీ రెండింటికీ వాడతారు.

తెలుగు క్రియల్లో ఇంకొక సూక్ష్మం ఉంది. ‘పోటీ నుంచి తప్పుకున్నారు’ అంటే స్వంత ఇష్టం. ‘పోటీ నుంచి తప్పించారు’ అంటే మరొకరి పని. విరమించుకొను, ఉపసంహరించుకొను, తప్పుకొను అన్నిటిలోనూ ఉన్న ‘కొను’ ఆ నిర్ణయం కర్తదేనని చెబుతుంది. ‘బ్యాక్ అవుట్’ను తెలుగు చేసేటప్పుడు ఈ ‘కొను’ను వదిలేస్తే అర్థం సగం పోతుంది.

పట్టణ వాడుకలో ఇంగ్లీషు క్రియలనే తెచ్చి తెలుగు క్రియతో ముగించడం మామూలైంది. అకర్మకమైతే ‘అవు’, సకర్మకమైతే ‘చేయు’ చేరుతుంది: బ్యాకవుట్ అయ్యాడు, డ్రాప్ అయ్యాడు, రోల్‌బ్యాక్ చేశారు, బ్యాకప్ చేశారు. మాట బయటిదైనా దాన్ని నడిపేది తెలుగు వ్యాకరణమే.

బాలాపూర్ లడ్డూ వేలం

బాలాపూర్ రంగారెడ్డి జిల్లాలోని మండల కేంద్రం. ఇక్కడ గణేశ్ ఉత్సవాలు 1980లో మొదలయ్యాయి. స్వామి చేతిలో పెట్టిన 21 కిలోల లడ్డూను వేలం వేయడం 1994లో ఆరంభమైంది. ఆ ఏడాది స్థానిక రైతు కొలను మోహన్ రెడ్డి 450 రూపాయలకు పాడి దక్కించుకున్నారు. మరుసటి ఏడు ఆయనే 4,500 రూపాయలకు పాడారు. పొలంలో చల్లితే పంట బాగా పండుతుందని, ఇంట్లో పంచితే కలిసొస్తుందని నమ్మకం బలపడింది. ఆ నమ్మకంతోపాటే పాట కూడా ఎక్కింది.

2002లో ధర లక్ష దాటి 1.05 లక్షలైంది. 2013లో మాజీ మేయర్ తీగల కృష్ణారెడ్డి 9.26 లక్షలకు దక్కించుకున్నారు. 2015లో పది లక్షలు దాటి 10.32 లక్షలకు చేరింది. 2019లో 17.60 లక్షలు పలికింది. 2020లో కోవిడ్ కారణంగా వేలం జరగలేదు. 2021లో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్సీ రమేశ్ యాదవ్ మరొకరితో కలిసి 18.90 లక్షలకు పాడారు. తర్వాత 2022లో 24.60 లక్షలు, 2023లో 27 లక్షలు, 2024లో 30.01 లక్షలు, 2025లో 35 లక్షలు పలికింది. ఇంతకంటే ఎక్కువ ధర వేరే చోట నమోదైంది: బండ్లగూడ జాగీర్‌లోని ఒక విల్లాల సముదాయంలో 2024లో లడ్డూ ధర 1.87 కోట్లు పలికింది. అయినా ఈ ఆచారానికి ఊరూవాడా పేరు తెచ్చింది బాలాపూరే.

నిమజ్జనం రోజు పొద్దున్నే స్వామిని ఊరి వీధుల్లో ఊరేగించి బొడ్రాయి దగ్గరికి తెస్తారు. పాట 1,116 రూపాయలతో మొదలవుతుంది. పేరు పిలిచి, అంకె చెప్పి, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని చాటుతారు. మూడోసారి నోట రాగానే లడ్డూ ఆ పేరున ఖాయం. ఆ తర్వాత స్వామి హుస్సేన్ సాగర్‌కు బయలుదేరతాడు. వచ్చిన సొమ్మును ఊరి గుళ్లకూ బడికీ ఇతర అభివృద్ధి పనులకూ వెచ్చిస్తారు.

ఈ క్రమంలో ఒక్కో దశకు ఒక్కో క్రియ సరిపోతుంది. పాట మొదలు కాకముందే పాడాలా వద్దా అని ఆలోచించేవారు వెనుకాడుతున్నారు. లక్షలు దాటాక ఇక చాలనుకుని ఊరుకున్నవారు ‘డ్రాప్ అవుట్’ అయ్యారు. తన ప్రత్యర్థి ఎంత పాడినా పైన పాడతానని శపథం పట్టి, తర్వాత ఊరుకున్నవారు ‘బ్యాక్ డౌన్’ అయ్యారు. మూడోసారి చాటింపు తన పేరున పడ్డాక డబ్బు కట్టనంటే అది ‘బ్యాక్ అవుట్’. ఆ చివరి స్థితికి తావివ్వకూడదనే, 2024 నుంచి పాటలో దిగదలచినవారు అంతకుముందు ఏడాది పలికిన మొత్తాన్ని ముందే డిపాజిట్ చేయాలన్న నిబంధన పెట్టారు. వేలాల్లో ధరావతు అడగడం వెనక ఉన్న కారణం ఎక్కడైనా ఇదే.

ధరను నిలిపేది ఎవరు

బహిరంగ వేలంలో ధర ఎక్కుతూ పోతుంది, పాడేవారు ఒక్కొక్కరే తప్పుకుంటారు. ఆఖరుకు మిగిలినవారు కట్టాల్సింది తమ మనసులో ఉన్న గరిష్ఠ ధర కాదు. తమకంటే ముందు చివరగా ఆగిపోయినవారు ఎక్కడ ఆగారో, దాని మీద కొద్దిగా. అంటే లడ్డూ ధరను నిలిపింది గెలిచినవారు అనుకోవడం తప్పు. చివరగా వెనక్కి తగ్గినవారే ఆ అంకెను తేల్చారు. కొలంబియా విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త విలియం విక్రీ 1961లో రాసిన పరిశోధన వ్యాసంలో ఈ సంగతిని గణితంతో నిరూపించారు. వస్తువు తనకెంత విలువో అంతవరకు పాడి, ఆ అంకె రాగానే ఆగిపోవడమే పాడేవారికి అన్నిటికంటే మంచి పద్ధతి అని ఆయన చూపారు. 1996లో ఆయనకు నోబెల్ పురస్కారం వచ్చింది.

సకాలంలో తగ్గలేకపోతే ఏమవుతుందో మరో ఆర్థికవేత్త మార్టిన్ షూబిక్ 1971లో ‘డాలర్ వేలం’ అనే ఆటతో చూపారు. ఒక డాలర్ నోటును వేలం వేస్తారు. నియమం ఒకటే: పెద్ద పాట పాడినవారికి నోటు దక్కుతుంది, కానీ రెండో స్థానంలో ఉన్నవారు కూడా తాము పాడిన మొత్తం కట్టాలి. దాంతో తగ్గితే పెట్టింది పోతుందన్న బెంగతో ఇద్దరూ డాలర్‌ను దాటి పాడుతూనే పోతారు. బాలాపూర్ వంటి పాటలో ఆ ఉచ్చు లేదు. ఓడినవారు రూపాయి కూడా కట్టనక్కర్లేదు. వెనక్కి తగ్గడానికి రుసుము లేని చోట మనిషి నిజాయితీగా తగ్గగలడు.

మన ఇళ్లలో బాగా తెలిసిన చిట్టీ పాటలో ఇది మరో రూపంలో కనిపిస్తుంది. డబ్బు అత్యవసరమైనవారు ఎక్కువ తగ్గింపుకు పాడి ఆ నెల చిట్టీ ఎత్తుకుంటారు. ఆ నెల ఊరుకున్నవారికి ఆ తగ్గింపులో వాటా డివిడెండ్‌గా వస్తుంది. అక్కడ ఆగడమే లాభం.

చట్టం ఏమంటుంది

వేలంలో తగ్గే హక్కుకు చట్టం స్పష్టమైన గీత గీసింది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షన్ ప్రకారం వేలం వేసేవారు సుత్తి కొట్టి గానీ, ఆచారంలో ఉన్న మరో పద్ధతిలో గానీ పాట ముగిసిందని ప్రకటించినప్పుడే అమ్మకం పూర్తవుతుంది. ఆ ప్రకటన వెలువడే దాకా ఎవరైనా తమ పాటను వెనక్కి తీసుకోవచ్చు. 1872 నాటి ఒప్పందాల చట్టం 5వ సెక్షన్ కూడా ఇదే దారిలో నడుస్తుంది: అవతలివారి అంగీకారం పూర్తి కాకముందే ప్రతిపాదనను ఉపసంహరించుకోవచ్చు.

ఈ సూత్రం మూలం 1789 నాటి ‘పేన్ వర్సెస్ కేవ్’ అనే ఇంగ్లండ్ తీర్పులో ఉంది. ఒకాయన సారా బట్టీ పరికరాలకు 40 పౌండ్లు పాడి, సుత్తి పడకముందే వద్దన్నాడు. అతని పాట కేవలం ప్రతిపాదనే కాబట్టి తప్పుకోవడం అతని హక్కని కోర్టు చెప్పింది. సుత్తి పడ్డాక తప్పుకుంటే మాత్రం అది ఒప్పంద భంగం. నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు. ఇంగ్లీషులో ‘రిట్రాక్ట్’కూ ‘బ్యాక్ అవుట్’కూ మధ్య ఉన్న దూరం ఈ సుత్తి దెబ్బే.

ఎన్నికల్లోనూ ఇలాంటి గీత ఉంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 37వ సెక్షన్ కింద అభ్యర్థి గడువులోగా నామినేషన్ ఉపసంహరించుకోవచ్చు. ఒకసారి ఉపసంహరణ నోటీసు ఇచ్చాక దాన్ని మళ్లీ రద్దు చేసుకోవడం కుదరదు. అంటే వెనకడుగును వెనక్కి తీసుకునే వీలు లేదు. క్రీడల్లో చూస్తే, ఐపీఎల్ వేలంలో తనను కొనుక్కున్నాక సీజన్ ముందు సరైన కారణం లేకుండా తప్పుకునే ఆటగాడికి రెండు సీజన్ల నిషేధం వర్తిస్తుందని బీసీసీఐ 2025 సీజన్ మెగా వేలానికి ముందు నియమం పెట్టింది.

ఉద్యమాలు, ప్రభుత్వాలు

తెలుగువారి చరిత్రలో వెనకడుగుకు ఒక్కో సందర్భంలో ఒక్కో మాట స్థిరపడింది. చౌరీచౌరా హింస తర్వాత 1922 ఫిబ్రవరిలో గాంధీజీ సహాయ నిరాకరణను నిలిపివేశారు. గుంటూరు జిల్లాలో పర్వతనేని వీరయ్య చౌదరి నడిపిన పెదనందిపాడు పన్నుల నిరాకరణ ఉద్యమం కూడా ఆ ఫిబ్రవరిలోనే ముగిసింది. ఇంగ్లీషులో దీన్ని ‘కాల్ ఆఫ్’ అంటారు. పిలుపు ఇచ్చినవారే ఆపమని చెప్పడం అందులోని భావం. తెలంగాణ సాయుధ పోరాటాన్ని కమ్యూనిస్టు పార్టీ 1951 అక్టోబరు 21న ఆపినప్పుడు తెలుగులో స్థిరపడిన మాట ‘విరమణ’. ప్రాణాలు పోగొట్టుకున్నవారి త్యాగాన్ని తక్కువ చేయకుండా, ఆపిన నిర్ణయాన్ని మాత్రమే చెప్పే మాట అది.

2009 డిసెంబరు 9న తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటించారు. డిసెంబరు 23న విస్తృత సంప్రదింపులు అవసరమంటూ మరో ప్రకటన చేశారు. తెలంగాణవాదులు దీన్ని ‘గో బ్యాక్ ఆన్’ అనే అర్థంలో, అంటే మాట తప్పడంగా చూశారు. రాష్ట్ర సమైక్యతను కోరినవారికి అదే ‘బ్యాక్ ఆఫ్’గా, ఒత్తిడి సడలింపుగా కనిపించింది. ఒకే వెనకడుగుకు రెండు పేర్లు రావడానికి కారణం మాట ఎవరికి ఇచ్చారన్నదే. ఆ 14 రోజుల తేడా తర్వాత ఉద్యమం మరింత పదునెక్కింది. చివరకు 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది.

2021 నవంబరు 19న మూడు సాగు చట్టాలను ఉపసంహరిస్తున్నట్లు ప్రధాని ప్రకటించారు. అదే నెల 29న పార్లమెంటు రద్దు బిల్లును ఆమోదించింది. ఇది ‘రోల్ బ్యాక్’: అమలుకు తెచ్చినదాన్ని యథాస్థితికి చేర్చడం. ఛార్జీలు, ధరల పెంపును రద్దు చేసినప్పుడు మన పత్రికలు వాడేది కూడా ఇదే.

వాడుకలో జరిగే పొరపాట్లు

దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల పోటీ పరీక్షలకు చదివే తెలుగు విద్యార్థులకు ఈ క్రియలు పరీక్ష పత్రంలోనూ, తర్వాత ఉద్యోగంలోనూ ఎదురవుతాయి. ఎక్కువగా జరిగే పొరపాట్లు ఇవి.

‘వెనకడుగు’ను మాటకు మాట మార్చి ‘బ్యాక్ స్టెప్ వేశాడు’ అనడం మన దగ్గర పాతుకుపోయింది. ఇంగ్లీషులో అక్కడ ‘స్టెప్డ్ బ్యాక్’ అనో ‘బ్యాక్డ్ డౌన్’ అనో రావాలి. ‘రిటర్న్ బ్యాక్’, ‘రివర్ట్ బ్యాక్’ అనడంలో ‘బ్యాక్’ అదనం. మొదటి మాటలోనే ఆ అర్థం ఉంది. ‘బ్యాక్డ్ అవుట్ ద కాంట్రాక్ట్’ అనడం తప్పు. మధ్యలో ‘ఆఫ్’ ఉండాలి. ‘బ్యాక్డ్ మి అప్’ అంటే అండగా నిలిచారని. ‘బ్యాక్డ్ మి ఆఫ్’ అంటే నన్ను వెనక్కి నెట్టారన్న అర్థం వస్తుంది. ఒక్క చిన్న మాట తారుమారైతే మిత్రుడు శత్రువవుతాడు.

ఉద్యోగానికి సంబంధించిన ఉత్తరాల్లో మరింత జాగ్రత్త కావాలి. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందు కాదనుకుంటే ‘డిక్లైన్’ అనో ‘విత్‌డ్రా’ అనో రాయాలి. సంతకం పెట్టి చేరే తేదీ ఖాయమయ్యాక మానుకుంటే అవతలివారు దాన్ని ‘బ్యాక్డ్ అవుట్’ అనే అంటారు. ఇల్లు, స్థలం బేరాల్లో అడ్వాన్సు ఇచ్చిపుచ్చుకున్నాక మాట మార్చుకుంటే కూడా అంతే. వ్యాకరణంలో నేర్చుకున్న తేడా మనిషి పరపతికి సంబంధించిన తేడా కూడా అవుతుంది.

ఒక సంఘటనకు సరైన క్రియ ఎంచుకోవాలంటే మూడు విషయాలు చూడాలి: అది పోటీయా, వాదనా, ఒప్పందమా అన్నది, తగ్గింది మూడో పిలుపుకు ముందా తర్వాతా అన్నది, తగ్గినవారిని నమ్ముకుని ఎవరైనా నష్టపోయారా అన్నది. పోటీలో, పిలుపుకు ముందు, ఎవరికీ నష్టం లేకుండా తగ్గినవారి గురించి రాసేటప్పుడు ‘ఓడిపోయారు’, ‘తోక ముడిచారు’ అని రాయడం అన్యాయం. బాలాపూర్‌లో 450 నుంచి 35 లక్షల దాకా ఎక్కిన ప్రతి అంకె వెనకా, పాడి, తమ హద్దు చూసుకుని ఆగినవారు ఉన్నారు. ఆ సొమ్ముతో ఊళ్లో జరిగిన పనుల్లో వారి పాలు కూడా ఉంది. వారికి సరిపోయే మాట ‘తప్పుకున్నారు’. ‘మాట తప్పారు’ అన్నది మూడోసారి తమ పేరు పలికాక కూడా కాదన్నవారికి మాత్రమే వాడదగిన మాట.